మార్జిన్ గీతకు అవతల

పక్క వాటాలో ఉండే నాలుగో తరగతి పిల్ల మంగళవారం సాయంత్రం తన చూచిరాత పుస్తకం పట్టుకొచ్చి ఈ కాలమిస్టుకు చూపించింది. గుండ్రటి అక్షరాలు. తలకట్లన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. వత్తులు కింది గీతను తాకీ తాకనట్టు కుదురుగా కూర్చున్నాయి. పేజీలో వంక పెట్టడానికేమీ లేదు. ఎడమవైపు ఎర్రగీతకు అవతల మాత్రం పెన్సిలుతో సన్నగా ఓ ముక్క రాసుంది: ‘చెయ్యి నొప్పెడుతోంది. ఇంకా రెండు పేజీలుంది.’ టీచరు ఆ ముక్కను ఎర్ర పెన్నుతో అడ్డంగా మూడుసార్లు కొట్టేసి, పదికి ఆరు మార్కులు వేసింది.

“అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి కదా తాతగారూ?” అని అడిగింది పిల్ల. బాగున్నాయని చెప్పి, మార్జిన్లో రాయడం మాత్రం తప్పేనని ఈ కాలమిస్టు టీచరు పక్షమే మాట్లాడాడు. చూచిరాత అంటే చూసి రాయడం. అచ్చులో లేనిది నోట్సులోకి రాకూడదు. పిల్ల ఏమీ అనకుండా పుస్తకం మూసుకుని వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోవడం అతన్ని వారమంతా నెమ్మదిగా ఉండనివ్వలేదు.

ఈ శీర్షికను మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు అతని పట్టుదల తెలుసు. చూచిరాతను బడుల్లోంచి తీసేయొద్దని ఇక్కడ ఎన్నోసార్లు రాశాడు. ఒక వాక్యం నాలుగుసార్లు చదివినవాడికంటే ఒక్కసారి చేత్తో రాసినవాడికే బాగా పట్టుబడుతుందని అతని నమ్మకం. ఆ నమ్మకం పుట్టింది సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో.

అతని నాన్నగారు దస్తావేజు లేఖరి. తొమ్మిదింటికల్లా వరండాలో చాప పరిచి, వాలుబల్ల ముందేసుకుని కూర్చునేవారు. అమ్మకాలు, తనఖాలు, దానపత్రాలు, భాగపంపకాలు. ముందు చిత్తు రాసి, ఉభయులకూ చదివి వినిపించి, ఆ తర్వాతే స్టాంపు కాగితం మీద సాపు రాసేవారు. సాపు పూర్తయ్యాక చిత్తు కొడుకు చేతికిచ్చి పైకి చదవమనేవారు. తను సాపులో ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి సరిచూసుకునేవారు. హద్దుల దగ్గరికొస్తే రెండుసార్లు చదవాలి. తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన పుంత, పడమట పంటకాలువ. సర్వే నంబరులో ఒక్క అంకె మారితే ఒకరి చేను ఇంకొకరి చేతికి పోతుంది. పొరపాటున ఒక మాట కొట్టేయాల్సి వస్తే, ఎన్నో పంక్తిలో ఏ మాట కొట్టేశారో దస్తావేజు చివర రాసి సంతకాలు పెట్టించాలి.

పదకొండో ఏట ఒకనాడు ఈ కాలమిస్టు ఆరబెట్టిన సాపు కాగితం మార్జిన్లో తన పేరు రాశాడు. నిబ్బు కొత్తది. ఎలా రాస్తుందో చూద్దామని, అంతే. నాన్నగారు కొట్టలేదు, తిట్టలేదు. మళ్ళీ స్టాంపు కాగితం కొనుక్కొచ్చి మొదటినుంచీ రాశారు. ఆ కాగితం ఖరీదు ఆ రోజు ఆయనకు వచ్చిన రాతకూలి కంటే ఎక్కువ. దీపాలు పెట్టే వేళకు గానీ పని తెమల్లేదు. ఇంటికి నడుస్తూ దారిలో ఒక్క మాటన్నారు: “మార్జిను మనది కాదురా, ఆఫీసువాళ్ళది.”

అయిదేళ్ళ కిందట కూతురి దగ్గరికి డబ్లిన్ వెళ్ళినప్పుడు ట్రినిటీ కాలేజీలో బుక్ ఆఫ్ కెల్స్ ముందు నిలబడితే ఆ మాటే గుర్తొచ్చింది. ఆ ప్రయాణం గురించి ఇక్కడ వరసగా మూడు వారాలు రాయడం పాఠకులు మర్చిపోయి ఉండరు. సుమారు క్రీ.శ. 800 నాటి లాటిన్ సువార్తల ప్రతి అది. ఐయోనా దీవిలో మొదలైందో, ఐర్లండ్‌లోని కెల్స్ మఠంలోనే రాశారో పండితులు ఇంకా తేల్చలేదు. మిగిలినవి 340 ఆకులు, అన్నీ దూడచర్మం. చర్మాన్ని సున్నపునీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి, నెలవంక ఆకారం కత్తితో పలచబడేదాకా గోకితే గానీ అది రాతకు పనికిరాదు. అందులోని నీలిరంగు అఫ్ఘానిస్తాన్ గనుల రాయి నుంచి వచ్చిందని చాలాకాలం చెప్పుకున్నారు. ప్రయోగశాలలో చూస్తే అది నీలిమందు రంగేనని, ఆకు నుంచి తీసిందని తేలింది. 1007లో దొంగలు ఆ గ్రంథాన్ని దాని బంగారు తొడుగు కోసం ఎత్తుకుపోయారు. రెండు నెలల ఇరవై రోజుల తర్వాత పచ్చగడ్డి పెళ్ళ కింద దొరికింది. బంగారం పోయింది, అక్షరం మిగిలింది.

పిల్లకు సరైన జవాబు చెప్పాలని ఈ వారం అతను అప్పటి నోట్సు తిరగేశాడు. టీచరు మాట నిలబెట్టే సాక్ష్యం దొరుకుతుందనే అనుకున్నాడు. మొదట దొరికింది కూడా. ఐయోనా మఠాన్ని 563లో స్థాపించిన కొలంబా కథలో ఉంది. ఆ మఠానికే తర్వాత అధిపతి అయిన అడమ్నాన్ రాశాడు. బైతేన్ అనే శిష్యుడు తను రాసిన కీర్తనల ప్రతిని సరిచూడటానికి ఎవరినైనా ఇవ్వమని అడిగితే, కొలంబా పుస్తకం తెరవకుండానే, అందులో ఒక్క ‘ఐ’ అక్షరం తప్ప లోపం లేదన్నాడట. వెతికితే అంతే తేలింది. 597లో, తన ఆఖరి రోజున కూడా కొలంబా కీర్తనలు నకలు చేస్తూనే ఉన్నాడు. పేజీ చివర ఆగి, మిగతాది బైతేన్‌ను రాయమన్నాడు. చావు ముందు చేతిలో కలం ఉన్న మనిషి ఈ కాలమిస్టుకు ఎప్పుడూ పూజ్యుడే.

తర్వాతి పేజీలోనే చిక్కు వచ్చింది. కళ్ళు చెదిరే ఆ కెల్స్ గ్రంథంలో రాతతప్పులున్నాయి. శాంతిని కాదు, ఖడ్గాన్ని తెచ్చానని క్రీస్తు అనే చోట ‘గ్లాడియుమ్’ ఉండాలి. లేఖకుడు ‘గౌడియుమ్’ అని రాశాడు. ఖడ్గం పోయి సంతోషం వచ్చింది. ఇంకోచోట ఒక పేజీ పాఠం మొత్తం రెండుసార్లు రాసి, అది అక్కర్లేదని ఎర్ర గుర్తులు పెట్టారు. నాన్నగారి వాలుబల్ల ముందు ఆ పుస్తకం పెడితే సబ్ రిజిస్ట్రారు దాకా వెళ్ళేది కాదు. అందమైన రాత, ఒప్పైన రాత ఒకటేనని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చిన మనిషికి అది మింగుడుపడటం కష్టం.

అక్కణ్ణుంచి అతను ఇంకో పుస్తకంలోకి వెళ్ళి, మూడు రాత్రులు బయటికి రాలేకపోయాడు.

అది స్విట్జర్లండ్‌లోని సెయింట్ గాలెన్ మఠ గ్రంథాలయంలో ఉంది. సంఖ్య 904. అందంలో కెల్స్‌కు దీటు కాదు. ప్రిషియన్ అనే పండితుడి లాటిన్ వ్యాకరణానికి 9వ శతాబ్దం మధ్యలో ఐరిష్ లేఖకులు రాసుకున్న నకలు. విద్యార్థులు, గురువులు వాడి నలగ్గొట్టిన పుస్తకం. పంక్తుల మధ్య, అంచుల్లో 9,000కు పైగా చిన్న చిన్న వ్యాఖ్యలున్నాయి. వాటిలో 3,000కు పైగా వాళ్ళ సొంత భాషలో, అంటే ప్రాచీన ఐరిష్‌లో రాసినవి. చాలావరకు పాఠానికి సంబంధించినవే. ఈ మాటకు అర్థం ఇది, ఈ విభక్తి ఇలా వచ్చింది, పై వాక్యంలో చెప్పింది ఇక్కడ గుర్తు తెచ్చుకో.

మిగతావి పాఠానికి సంబంధం లేనివి. ఒకడు చెయ్యి నొప్పి అని మూలిగాడు. ఒకడు చలిగా ఉందన్నాడు. చర్మం కొత్తది గానీ సిరా బాగోలేదని ఒకడు విసుక్కున్నాడు. ఇంకొకడు భోజనాల వేళయిందని గుర్తు చేశాడు. మరొకడు రాతిస్తంభాల మీద చెక్కే ఓగమ్ గీతల లిపిలో ఒకే ఒక్క మాట పెట్టాడు. ముందు రాత్రి తాగిన బీరు దిగలేదని దానికి అర్థం చెబుతారు. ఆ మూలుగు దగ్గరికి రాగానే ఈ కాలమిస్టు చదవడం ఆపాడు. దాదాపు 1,170 ఏళ్ళ కిందటి సన్యాసి, పక్కింటి నాలుగో తరగతి పిల్ల, ఒకే జాగాలో ఒకే మాట రాశారు.

అదే పుస్తకం అంచున రెండు చిన్న పద్యాలున్నాయి. ఒకటి తుపాను రాత్రి రాసింది. ఈ గాలికి సముద్రం ఎవర్నీ దాటనివ్వదు కాబట్టి వైకింగ్ దోపిడీదార్ల భయం లేదనే ఊరట అందులో ఉంది. 806లో ఐయోనా మీద పడి 68 మందిని చంపినవాళ్ళను తలుచుకుంటే ఆ ఊరట బరువు తెలుస్తుంది. రెండోది చెట్ల నీడన కూర్చుని, పిట్టపాట వింటూ రాసుకుంటున్న లేఖకుడిది. ఆస్ట్రియాలోని సెయింట్ పాల్ మఠంలో ఉన్న ఇంకో నోటుపుస్తకంలో వ్యాకరణం, ఖగోళం, స్తోత్రాల నడుమ, పాంగూర్ బాన్ అనే తెల్లపిల్లి మీద ఎనిమిది చరణాల పద్యం ఉంది. పిల్లి ఎలకను పట్టడం, పండితుడు అర్థాన్ని పట్టడం పక్కపక్కన సాగుతాయి. రాసినవాడి పేరు ఎవరికీ తెలియదు.

ఇక్కడ అతనికి ఎప్పుడూ గుర్తొచ్చే సంగతి ఒకటుంది. మాటల మధ్య ఖాళీ. తెలుగు టైపు చేసేవాళ్ళు మాటలను ఎక్కడ పడితే అక్కడ విరిచేస్తున్నారని ఇక్కడ చాలాసార్లు బాధపడ్డాడు. మన తాళపత్రాల్లో ఖాళీల్లేవు, శాసనాల్లో లేవు. అక్షరాలు వరసగా సాగిపోతాయి. రోమన్లూ తర్వాతి కాలంలో అలాగే రాశారు. లాటిన్ వాళ్ళ అమ్మభాష కాబట్టి ఎక్కడ విరవాలో నోటికి తెలుసు. ఐరిష్ సన్యాసులకు లాటిన్ పుస్తకాల్లో నేర్చుకున్న పరభాష. ఏ మాట ఎక్కడ ముగిసిందో కంటికి కనబడాల్సి వచ్చింది. 7, 8 శతాబ్దాల్లో మాటకూ మాటకూ మధ్య జాగా వదిలే అలవాటును పాతుకునేలా చేసింది వాళ్ళే. ఈ రోజు ఈ పేజీలో మాటకూ మాటకూ మధ్య ఉన్న తెలుపు వెనక, పరభాషతో కుస్తీ పట్టిన విద్యార్థులున్నారు.

అంచు రాతల సంగతి ఇంకా పెద్దది. ప్రాచీన ఐరిష్ వ్యాకరణం ఎలా ఉండేదో 19వ శతాబ్దం నాటికి ఐర్లండ్‌లో చెప్పగలిగినవాళ్ళు లేరు. యూరప్ మఠాల్లో మిగిలిన లాటిన్ పుస్తకాల అంచుల్లో అది దాక్కుని ఉంది. బవేరియాలో బడిపంతులుగా పనిచేసిన యోహాన్ కాస్పర్ జ్యూస్ సెయింట్ గాలెన్, వూర్జ్‌బర్గ్, మిలాన్ వంటి చోట్ల ఉన్న ఆ వ్యాఖ్యలు నకలు చేసుకుని, 1853లో ‘గ్రమాటికా కెల్టికా’ అచ్చు వేశాడు. కెల్టిక్ భాషల చదువు ఆ పునాది మీద లేచింది. కెల్స్ గ్రంథం మూల పాఠమంతా లాటిన్. దాని మీద ఎంత మోజు పడ్డా, వాళ్ళ భాష లోపలి కట్టుబాటు దానిలోంచి బయటపడేది కాదు. నలిగిన వ్యాకరణ పుస్తకం మార్జిన్లే ఆ పని చేశాయి.

ఆ దారిలో రెండో పెద్ద పేరు విట్లీ స్టోక్స్. ఈ పేరు దగ్గర ఈ కాలమిస్టుకు ఒళ్ళు జలదరించింది. డబ్లిన్‌లో పుట్టిన ఈ న్యాయవాది 1862లో మద్రాసులో దిగాడు. 1877లో వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడయ్యాడు. పగలు భారతదేశపు చట్టాలు రాస్తూ, ఐరిష్ వ్యాఖ్యలకు, పాఠాలకు పరిష్కరణలు తయారుచేసి కొన్నిటిని కలకత్తాలోనే అచ్చు వేయించాడు. చివరికి జాన్ స్ట్రాకన్‌తో కలిసి 1901, 1903ల్లో ఆ అంచు రాతలన్నిటినీ రెండు సంపుటాల్లో తెచ్చాడు. సెయింట్ గాలెన్ పుస్తకం రాసిన లేఖకుల మూలుగులు కూడా వాటిలో అచ్చయ్యాయి. 1882 ఆస్తి బదిలీ చట్టానికి సంబంధించిన బిల్లును పరిశీలించిన లా కమిషన్‌లో ఉన్న ముగ్గురిలో ఆయన ఒకడు. అమ్మకం, తనఖా, దానం గురించి నాన్నగారి ప్రతి దస్తావేజుకూ ఆధారం ఆ చట్టమే. మార్జిన్ జోలికి పోవద్దన్న మనిషి జీవితాంతం అనుసరించిన చట్టంలో, మార్జిన్లను బతికించిన మనిషి చెయ్యి ఉంది.

అయినా టీచరు పక్షాన చివరి వాదన ఒకటి మిగిలింది. ఐరిష్ కవులు. సన్యాసుల కంటే గట్టి శిక్షణ వాళ్ళది. ‘ఫిలి’ అనే కవుల్లో ఏడు అంతస్తులుండేవి. అన్నిటికంటే పైన ‘ఓల్లవ్’. అక్కడికి చేరాలంటే 12 ఏళ్ళ చదువు, 350 కథలు నోటికి రావాలి. చివరి కాలపు కవిత్వ పాఠశాలలను వర్ణించిన 1722 నాటి రచన ఒకటి ఉంది. కిటికీల్లేని గదులు, మంచానికొక విద్యార్థి. రాత్రి గురువు వస్తువు ఇస్తాడు. మర్నాడంతా చీకట్లో పడుకుని పద్యం మనసులోనే కట్టుకోవాలి. రాత్రికి దీపాలు తెచ్చాకే రాసుకోవాలి.

వాళ్ళ ఛందస్సు మన పద్యాలు చదివినవాళ్ళకు చప్పున అందుతుంది. అంత్యప్రాసలో అదే హల్లు రావాలని లేదు, దాని జట్టులోది వస్తే చాలు. మనం పరుషాలనే క, ట, ప ధ్వనులు ఒక జట్టు. సరళాలనే గ, డ, బ ఇంకో జట్టు. ‘స’ మాత్రం ఒంటరి, తనకు తానే జత. యతిమైత్రి చెవికి పట్టినవాడికి ఇందులో వింతేమీ కనబడదు. అక్షరాల లెక్క తప్పకూడదు, మాటల మొదటి ధ్వనులు కలవాలి, లోపలి ప్రాసలు పడాలి. ఇంత నేర్చినవాడు ప్రభువును పొగిడి ఆవుల మందలు అందుకునేవాడు. 1601లో కిన్‌సేల్ యుద్ధం ఓడి, 1607లో గేలిక్ ప్రభువులు ఓడలెక్కి వెళ్ళిపోయాక ఆ బడులకు పోషకులు పోయారు. 17వ శతాబ్దంలోనే అవి మూతపడ్డాయి.

ఈ కవులను అడ్డం పెట్టుకుని పిల్లకు క్రమశిక్షణ పాఠం చెబుదామని శుక్రవారం రాత్రి అతను కాగితం ముందు కూర్చున్నాడు. అప్పుడు సెయింట్ గాలెన్ తుపాను పద్యం అక్షరాలు లెక్కపెట్టాడు. పాదానికి ఏడు. నాలుగు పాదాల్లో ఎక్కడా లెక్క జారలేదు. ప్రాస కుదిరింది. తుపాను రాత్రి, వ్యాకరణం నకలు చేస్తూ, అంచున రాసుకున్న పద్యమది. చీకటిగదిలో నేర్పినటువంటి కట్టుబాటే మార్జిన్లోనూ ఉంది. పేజీ లోపల చెయ్యి తిరిగినవాడే పేజీ బయట అలా రాయగలిగాడు. ఎర్రగీతకు ఇవతల ఒద్దిక, అవతల అల్లరి అని ఇన్నేళ్ళూ ఇతను చేసిన విభజన ఆ ఏడక్షరాల ముందు నిలవలేదు. ఆ పిల్ల కూడా తన పేజీని వంకలేకుండా రాసింది. మార్జిన్లోని ముక్కలో కూడా అక్షరం తప్పు లేదు. ఆ సంగతి ఇతను గమనించనే లేదు.

డబ్లిన్ నుంచి బస్సులో వెళ్ళి చూసిన క్లోన్‌మక్‌నాయిస్ అతనికి ఇప్పుడు వేరేగా గుర్తొస్తోంది. షానన్ నది వంపులో, 6వ శతాబ్దం మధ్యలో కియరన్ స్థాపించిన మఠం. ఇప్పుడు పైకప్పుల్లేని చర్చిలు, గుండ్రటి బురుజు, గడ్డి, గాలి. చెక్కిన రాతి శిలువలను వానకు పాడవకుండా లోపలికి చేర్చి, బయట నకళ్ళు నిలబెట్టారు. లోపల గోడల పొడవునా సమాధి పలకలు. చాలావాటి మీద ఉన్నది ఒక పేరు, ఆ మనిషి కోసం ప్రార్థించమనే కోరిక, అంతే. అప్పుడు అతను శిలువల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాడు. పలకల ముందు నుంచి గబగబా నడిచిపోయాడు.

కపిలగోవు పుస్తకం రాసింది ఆ మఠంలోనే. పూర్తిగా ఐరిష్‌లో ఉన్న సాహిత్య ప్రతుల్లో మిగిలినవాటిలో అన్నిటికంటే పాతది. కియరన్ ఆవు చర్మం మీద రాశారన్న ఐతిహ్యంతో ఆ పేరు వచ్చింది. ఇప్పుడు మిగిలినవి 67 ఆకులు. వీరగాథలు, సముద్రయాత్రల కథలు ఉన్నాయి. కొలంబా చనిపోయినప్పుడు డల్లాన్ ఫోర్గల్ చెప్పాడనే స్తుతికావ్యమూ ఉంది. దేశం నుంచి కవులను వెళ్ళగొట్టాలని రాజులనుకుంటే డ్రుమ్ కెట్ సభలో కొలంబా అడ్డుపడ్డాడనే కథ ఆ కావ్యంతోనే ప్రచారంలోకి వచ్చింది.

ఆ పుస్తకం రాసినవాళ్ళలో ఒకడు మేల్ ముయిరె. 1106లో క్లోన్‌మక్‌నాయిస్ రాతి చర్చి మధ్యలో దోపిడీగాళ్ళు అతన్ని చంపారని చరిత్ర పత్రాలు చెబుతున్నాయి. చనిపోయిన ఆ మనిషి, ఈ పుస్తకంలో రాసిన చెయ్యి ఒకటేనని ఎలా తెలిసింది? కలం ఎలా రాస్తుందో చూద్దామని అతను పేజీ అంచున తన పేరు రాసుకున్నాడు. కలం పరీక్ష అని కూడా రాశాడు. ఆ గిలుకుళ్ళను పుస్తకంలోని రాతతో పోల్చి 1912లో ఆర్. ఐ. బెస్ట్ అనే పండితుడు ఆ చేతిని గుర్తుపట్టాడు.

పుస్తకం చేతులు మారింది. 1359లో బందీలను విడిపించుకోవడానికి ఓ డొనెల్ వంశం వాళ్ళు దాన్ని ఓ కానర్ వంశానికి ఇచ్చుకున్నారు. 1470లో మళ్ళీ తెచ్చుకున్నారు. 14వ శతాబ్దం నాటికి మేల్ ముయిరె పేరు వెలిసిపోసాగింది. ఆ పేరు మళ్ళీ కనబడేలా చేయమని డోనల్ ఓ కానర్ అడిగితే, కవుల వంశంలో పుట్టిన సిగ్రయ్ ఓ కుర్నీన్ ఆ అక్షరాల మీదే దిద్దాడు. దిద్ది, ఇద్దరి కోసమూ ప్రార్థించమని పక్కనే రాశాడు.

శనివారం పొద్దున ఈ కాలమిస్టు పక్క వాటా తలుపు తట్టి ఆ చూచిరాత పుస్తకం మళ్ళీ అడిగాడు. ఎర్ర సిరా కింద పెన్సిలు రాత సగం కనబడటం లేదు. దాని మీదే దిద్దమని పిల్ల చేతికి పెన్సిలు ఇచ్చాడు.

“ఆ రెండు పేజీలూ ఆవేళే రాసేశాను తాతగారూ” అంటూనే ఆ పిల్ల దిద్దడం మొదలుపెట్టింది.